ఆమె గెలిచిన శనివారం

మా తమ్ముడి ఇంటి ముందుగదిలో, వేంకటేశ్వరస్వామి పటానికి ఎడమ పక్కన, అద్దం బిగించిన చెక్క చట్రంలో ఒక తెల్లని తువ్వాలు వేలాడుతూ ఉంటుంది. దాని ఒక మూల ఊదారంగు మరక ఉంది. అది చెమట మరక అంటాడు తమ్ముడు. చెమట ఊదారంగులో ఉండదు. ఏదో పానీయం ఒలికి ఉండాలి. ఈ మాట నేను ఆ ఇంట్లో ఎప్పుడూ పైకి అనలేదు.

నేను చేసిన ఉద్యోగం నీటి పరీక్ష. ముప్పై ఒక్క సంవత్సరాలు కోనసీమ ఊళ్ళలోని బావుల నీళ్ళూ, బోర్ల నీళ్ళూ సీసాల్లో పట్టి, వాటిలో ఉప్పెంతో, సున్నమెంతో, తాగవచ్చునో తాగకూడదో కాగితం మీద రాసి ఇచ్చాను. ఒకే బావిలో పొద్దుటి నీరు ఒకలా, సాయంత్రపు నీరు మరోలా ఉంటుంది. అందుకే ఒక్క సీసాతో ఏ నిర్ణయానికీ రాకూడదని, కనీసం మూడు సీసాలు పట్టాలని నాకు పని నేర్పిన అధికారి మొదటి రోజే చెప్పారు. ఆ నియమాన్ని ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తప్పలేదు. పదవీ విరమణ తరువాత ఒకసారి తప్పాను. ఆ ఒక్కసారి సంగతే ఇది.

మా ఊరు మామిడికుదురుకు దగ్గర. తమ్ముడు పధ్నాలుగేళ్ళు గల్ఫ్‌లో ఒక పెద్ద క్లబ్బులో టెన్నిస్ కోర్టులు ఊడ్చి, నీళ్ళు చల్లి, గీతలు గీసే పని చేశాడు. అక్కడికి టోర్నమెంట్లు ఆడడానికి ప్రపంచంలోని పేరున్న వాళ్ళందరూ వచ్చేవారు. అలా వచ్చిన వాళ్ళలో పదిహేడేళ్ళ అమ్మాయి ఒకతె, ప్రాక్టీసు ముగించి వెళుతూ, నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడిన మా తమ్ముడిని చూసి నవ్వి, భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చిందట. అదే ఆ చట్రంలో ఉన్నది. ఆ అమ్మాయి తరువాత పెద్ద క్రీడాకారిణి అయింది. ప్రపంచంలో అతి పెద్దవైన నాలుగు టోర్నమెంట్లలో నాలుగుసార్లు ఫైనల్‌కు చేరింది. నాలుగుసార్లూ ఓడిపోయింది. ఆమె పేరు మా ఊళ్ళో చాలామందికి నోరు తిరగదు. అందరూ ఆమెను "మనమ్మాయి" అంటారు.

నేను పరిశీలించాను. తమ్ముడు చెప్పే సంవత్సరంలో ఆమె ఆడిన ఊళ్ళ జాబితా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఆ ఏడాది ఆమె మణికట్టు దెబ్బతిని ఇంటిపట్టునే ఉంది. ఆ దేశానికి రాలేదు. తమ్ముడు సంవత్సరం పొరబడ్డాడేమోనని ముందూ వెనకా రెండేళ్ళు కూడా చూశాను. రాలేదు. ఈ సంగతి తెలిసి ఆరేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. ఒక తువ్వాలు వల్ల ఎవరికీ నష్టం లేదని అప్పట్లో అనుకున్నాను.

తమ్ముడు ఎనిమిదేళ్ళ కిందట తిరిగి వచ్చేశాడు. వచ్చిన నెలలోనే ఇంటి వెనక కొబ్బరితోటలో కాపు మీదున్న పద్దెనిమిది చెట్లు కొట్టించాడు. మా ప్రాంతంలో కాసే చెట్టును కొట్టడమంటే మతి తప్పిందనుకుంటారు. చెట్టు కొట్టే మనిషి సైతం గొడ్డలి కింద పెట్టి, "మరోసారి ఆలోచించుకోండి బాబూ" అని ఒక పూట కూర్చున్నాడు. ఆ చోటులో తమ్ముడు ఒండ్రుమట్టీ, చెరువు బంకా, ఇసకా పొరలు పొరలుగా పోసి, దిమ్మిసా కొట్టి, పైన పేడనీళ్ళతో అలికి, సున్నంతో గీతలు గీసి, టెన్నిస్ కోర్టు కట్టాడు. నెట్టు కొనలేదు. సముద్రం వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన ఒక వలలు అల్లే ఆయన నైలాను తాడుతో అల్లిపెట్టాడు. ప్రతి శీతకాలం దాన్ని ముడి ముడికీ చూసి బాగుచేసేది కూడా ఆయనే.

ఆ కోర్టు ఒక్కరి కోసం. తమ్ముడి కూతురికి అప్పుడు పదకొండేళ్ళు. ఇప్పుడు పంతొమ్మిది. ఈ ఎనిమిదేళ్ళలో ఆమె విజయవాడలో, హైదరాబాదులో, ఇంకా పై ఊళ్ళలో ఆడిన పోటీల వివరాలు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచాను. తొలి రౌండు దాటినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆమె బాగా ఆడదని కాదు. పట్నాల పిల్లలు గట్టి కోర్టుల మీద పెరుగుతారు. అక్కడ బంతి ఎగిరే ఎత్తు వేరు. పేడ అలికిన నేల మీద నేర్చుకున్న పాదం ఆ వేగాన్ని అందుకోలేదు. ఇది నేను తమ్ముడికి బొమ్మ గీసి వివరించాను. వాడు బొమ్మ బాగుందన్నాడు.

పోయిన నవంబరులో ఆమె కుడి మోకాలు వాచింది. కాకినాడ తీసుకువెళ్ళి స్కానింగు చేయించింది నేను. ఎముకల మధ్య మెత్త చిరిగిందని, అరుగుదల కూడా ఉందని, ఆట ఆపకపోతే ముప్పై ఏళ్ళకే మెట్లు ఎక్కలేదని డాక్టరు చెప్పారు. నేను అక్కడితో ఆగలేదు. మరో ఇద్దరు డాక్టర్లకు చూపించాను. ముగ్గురూ ఒకే మాట అన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె అంది: "పెదనాన్నా, నాకు ఆట ఇష్టం లేదని కాదండీ. నాకు ఓపిక అయిపోయింది."

అంతకు ముందు రెండేళ్ళుగా ఆమె ఖాళీ దొరికినప్పుడల్లా మా ఇంటికి వచ్చి నీటి పరీక్షలు నేర్చుకునేది. ఇప్పటికీ చుట్టుపక్కల వాళ్ళు సీసాలు తెచ్చి నా అరుగు మీద పెట్టి వెళుతుంటారు. నీటిలోని ఉప్పు తేల్చేటప్పుడు మందు చుక్కలు చుక్కలుగా వదులుతూ ఉండాలి. గాజు పాత్రలోని పసుపురంగు ఒకానొక చుక్క దగ్గర ఇటుకరంగుకు తిరుగుతుంది. ఆ చుక్క దగ్గరే చెయ్యి ఆపాలి. నాతో పనిచేసిన వాళ్ళలో పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా రెండు మూడు చుక్కలు ఎక్కువ వదిలేవారు. ఈ పిల్ల మొదటి నెలలోనే సరిగ్గా ఆపింది. కాకినాడలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉందని చెప్పినప్పుడు ఆమె ముఖంలో వచ్చిన మార్పు నాకు గుర్తుంది. దరఖాస్తు మేమిద్దరం కలిసి నింపాం. జనవరి నెలాఖరులోగా పంపాలి. తండ్రి ఒప్పుకునేదాకా అని నా సొరుగులో పెట్టాను.

డిసెంబరు మొదటి వారంలో నేను, తమ్ముడు, మరదలు, ఆ పిల్ల, నలుగురం వాళ్ళ ముందుగదిలో కూర్చున్నాం. స్కానింగు కాగితాలు బల్ల మీద పరిచాను.

తమ్ముడు వాటి వైపు చూడలేదు. "అన్నయ్యా, ఆవిడకి మోకాలికి రెండు ఆపరేషన్లయ్యేయి. నాలుగు ఫైనళ్ళు పోయేయి. ముప్పై రెండేళ్ళొచ్చేయి. మానేసిందా?"

"ఆవిడ వెనక పదిమంది వైద్యులున్నారురా."

"దీని వెనక నువ్వున్నావు కదా" అని నవ్వాడు. తరువాత కాసేపు తువ్వాలు వైపు చూసి, ఎవరూ అడగకుండానే అన్నాడు: "సరే. నాది మొండితనం అంటున్నారు కదా అందరూ. జనవరిలో ఆస్ట్రేలియాలో ఆవిడ ఆడుతోంది. ఈసారీ గెలవకపోతే నేను ఇంక నోరెత్తను. దీన్ని నీ కాకినాడ పంపించెయ్యి. గెలిస్తే మాత్రం మూడేళ్ళు ఆడాలి. మూడేళ్ళు మోకాలనీ, చదువనీ ఎవ్వరూ అనకూడదు."

మా ఇళ్ళలో చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాటకు పత్రం కన్నా విలువ ఎక్కువ. తమ్ముడు అరచెయ్యి చాపాడు. పిల్ల నా వైపు తిరిగింది.

"పెదనాన్నా, ఆవిడ గెలవదా అండీ?"

జనవరి పోటీకి నేను అప్పటికే నోటు పుస్తకంలో లెక్క వేసి ఉన్నాను. ఆ వయసులో, అన్ని గాయాల తరువాత, అన్నిసార్లు ఓడినవారు తొలిసారి గెలిచే అవకాశం నా అంచనాలో ఇరవైలో ఒక వంతుకు మించదు. ఆ మాట అలాగే చెప్పి ఉండవలసింది. ఇరవైలో ఒక వంతు అంటే ఉందనే అర్థం. కాని తమ్ముడు మనసు మార్చుకుంటాడేమోనన్న తొందర నాది. ఇంతకన్నా మంచి బేరం దొరకదనిపించింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ కాగితం మీదా రాయని పద్ధతిలో, ఒక్క ముక్కలో చెప్పేశాను.

"గెలవదమ్మా."

ఆమె తండ్రి చేతిలో చెయ్యి వేసింది.

ఆ మరుసటి వారం మరదలు వాడపల్లి వేంకటేశ్వరస్వామి మొక్కు మొదలుపెట్టింది. ఏడు శనివారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు. తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని రావులపాలెం మీదుగా వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేది. ఏ కోరికతో తిరుగుతున్నదీ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఊరు మాత్రం, మనమ్మాయి గెలవాలని టెన్నిస్ ఆయన భార్య ఏడు వారాలు తిరుగుతోందని చెప్పుకుంది. ఇటువంటి మొక్కుల మీద నా అభిప్రాయం ఆమెకు తెలుసు.

టోర్నమెంటు మొదలైంది. కొబ్బరికాయలు రాశి పోసే షెడ్డులో తమ్ముడు పెద్ద టీవీ పెట్టించాడు. కాయలు వలిచే పనివాళ్ళు, చెట్ల మీంచి కాయలు కోయించే దింపు మేస్త్రి, వల అల్లిన ఆయన, ఆటో స్టాండు వాళ్ళు, ఆడవాళ్ళు, అందరూ వలిచిన పీచు డొక్కల రాశుల మీద ఎక్కి కూర్చునేవారు. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నా లెక్కింపు మీద వాళ్ళకు అనుమానాలు తీరలేదు.

"టెస్టింగ్ గారూ," అని వల అల్లిన ఆయన నన్ను పిలిచాడు. ఊళ్ళో నా పేరు అదే. "పదిహేనన్నారు, ముప్పై అన్నారు, బానే ఉందండి. ఆపైన నలభై అయిదు రావాలి కదండీ. నలభై ఏటండీ?"

నేను నోరు తెరిచేలోగా దింపు మేస్త్రి అందుకున్నాడు. "తరుగండీ. కాయలకి తియ్యట్లేదా షావుకారు? అక్కడా తీసేరు."

"ఆయ్, అదీ నిజమేనండి" అని వల ఆయన తృప్తిపడ్డాడు. ఆ వివరణ కన్నా మెరుగైనది నా దగ్గర కూడా లేదు.

మనమ్మాయి మొదటి ఆట గెలిచింది. రెండోది గెలిచింది. మూడోదానిలో ఎదుటి అమ్మాయి నడుం పట్టేసి మధ్యలో విరమించుకుంది. ప్రతి ఆట అయ్యాక పిల్ల మా అరుగు మీదకు వచ్చి, సీసాలు కడుగుతూ కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. నేనే చెప్పేవాణ్ణి. పదిలో ఒక వంతు. తరువాత ఏడింట ఒకటి. సెమీఫైనల్ కూడా గెలిచిన గురువారం సాయంత్రం, అంకె చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"సగం సగమా పెదనాన్నా?"

"సగానికి కొంచెం తక్కువ. ఎదుటి అమ్మాయి బలమైనది. ఫైనళ్ళలో మీ నాన్న దేవత చేతులు వణుకుతాయి. నాలుగుసార్లు చూశాం."

ఆమె తల ఊపి సీసాలు బోర్లించింది. ఆమె ముందు అబద్ధం ఆడలేదని చెప్పుకోవడానికి అది నాకు పనికొచ్చింది. ఆమెకు దేనికీ పనికిరాలేదు.

ఫైనల్ శనివారం మధ్యాహ్నం. అదే ఏడో శనివారం. మరదలు పొద్దున్నే వాడపల్లి వెళ్ళి పన్నెండు దాటాక తిరిగి వచ్చింది. షెడ్డుకు మామిడాకులు కట్టారు. టీవీకి కుంకుమబొట్టు పెట్టారు. తువ్వాలు చట్రాన్ని ఇంట్లోంచి తెచ్చి టీవీ పక్కన కుర్చీలో నిలబెట్టారు. ఊళ్ళో సగానికి పైగా అక్కడే ఉన్నారు. నేను వెనక ఒక గుంజకు ఆనుకుని నిలబడ్డాను. పిల్ల ముందు వరసలో తండ్రి పక్కన, మోకాలికి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. మరదలు ఆడవాళ్ళ మధ్యలో కళ్ళు మూసుకుని, చేతులు జోడించి ఉంది.

మొదటి సెట్టు మనమ్మాయిది. రెండోది ఎదుటి అమ్మాయిది. మూడో సెట్టులో ఆమె వరసగా తప్పులు చేసి ఐదు మూడుతో వెనకబడింది. డొక్క మీంచి డొక్క జారితే వినబడేంత నిశ్శబ్దం. ఎదుటి అమ్మాయి సర్వీసు చేస్తోంది. నలభై ముప్పై. ఆ అమ్మాయి గెలవడానికి ఇక ఒక్క పాయింటు.

ఆ ఒక్క క్షణం గురించి నేను నిజం చెప్పాలి. ఆ ఊరంతా ఊపిరి బిగబట్టి ఉండగా, నా గుండె సంతోషంతో కొట్టుకుంది. మూడు వందల మందికి పైగా ఏడవబోతున్నారని తెలిసి సంతోషించాను. ముందు వరసలో పిల్ల వీపు నిటారుగా అయింది. ఆమె కూడా అదే కోరుకుంటోందని ఆ వీపును చూసి తెలుసుకున్నాను. నా మనసులో సొరుగు తెరుచుకుని, ఆ దరఖాస్తు బయటికి వచ్చింది.

మనమ్మాయి కొట్టిన బంతి నెట్టు పైఅంచుకు తగిలింది. పైకి లేచింది. అవతలి వైపు, నెట్టుకు జానెడు దూరంలో పడి ఆగిపోయింది.

"నా వలైతే ఇటే పడేదండీ!" అని వల అల్లిన ఆయన పైకి లేచి అరిచాడు.

బంతి ఎటు పడుతుందన్నది అంచు మీద తగిలిన కోణాన్ని బట్టి, తాడు బిగువును బట్టి ఉంటుంది. లెక్కించవచ్చు. లెక్కించి ప్రయోజనం లేదు. అక్కడి నుంచి ఎదుటి అమ్మాయి ఆట చెదిరిపోయింది. మరో అరగంటలో అంతా అయిపోయింది. మనమ్మాయి రాకెట్టు వదిలేసి, నేల మీద వెల్లకిలా పడి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పదిహేనేళ్ళుగా దేశదేశాలు తిరుగుతూ ఆడి, అంత పెద్ద టోర్నమెంటు మొదటిసారి గెలిచింది.

ఆ తరువాతి అల్లరిని వర్ణించడం కష్టం. పనివాళ్ళు డొక్కలు గాలిలోకి విసిరారు. దింపు మేస్త్రి తువ్వాలు చట్రాన్ని కళ్ళకద్దుకున్నాడు. తమ్ముడు ఏడుస్తూ, కనబడిన వాళ్ళనందరినీ కౌగిలించుకుంటూ తిరిగాడు. ఔట్లు పేలాయి. డప్పులవాళ్ళు ముందే వచ్చి వెనక సందులో కూర్చుని ఉన్నారని అప్పుడు తెలిసింది. ఓడిపోతే వాళ్ళను ఏం చేసేవారో నేను అడగలేదు. ఎవరో వంద కొబ్బరికాయలు కోర్టులోకి దొర్లించారు. ఒక్కొక్కరూ వచ్చి గీత మీద కాయ కొట్టడం మొదలుపెట్టారు. కొబ్బరినీళ్ళకు సున్నపు గీతలు కరిగి, అలికిన నేల జావ అయింది. బూరెలూ పులిహోరా వచ్చాయి. నా చేతిలో కూడా ఎవరో బూరె పెట్టారు. తిన్నాను.

"ఏవండీ టెస్టింగ్ గారూ, గెలవదన్నారంట కదా తమరు!" అని ఆటో ఆయన అడిగాడు. కోపంగా కాదు, నవ్వుతూ.

"అన్నానండి."

"మరిప్పుడేవంటారు?"

"గెలిచిందంటానండి."

"అద్గదీ! టెస్టింగ్ గారే ఒప్పుకున్నారర్రా!" అని అతను కేక పెడితే అందరూ చప్పట్లు కొట్టారు.

ట్రాక్టరు వచ్చింది. దాని మీద తువ్వాలు చట్రం నిలబెట్టి, పక్కన పిల్లను కూర్చోబెట్టారు. బంతిపూల దండ వేశారు. రాకెట్టు చేతికిచ్చారు. "మనమ్మాయి గెలిచిందీ! ఇంక మన పాప వంతూ!" అని అరుస్తూ రామాలయం దాకా ఊరేగించారు. ఎండ ఇంకా తగ్గలేదు. ట్రాక్టరు గతుకుల్లో ఊగినప్పుడల్లా ఆమె రాకెట్టు ఉన్న చెయ్యి కిందకు దించి మోకాలు పట్టుకునేది. జనం కేక వేసినప్పుడు మళ్ళీ పైకి ఎత్తేది. చిరునవ్వు చెదరనివ్వలేదు. ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపులో నింద ఉన్నట్టయితే నాకు కొంత నయంగా ఉండేది.

ఊరేగింపు వెళ్ళాక ఆడవాళ్ళు మరదలిని చుట్టుముట్టారు. "నీ ఏడు శనివారాలే తల్లీ!" అని ఒక ముసలామె ఆమె కాళ్ళకు పసుపు రాయబోయింది. మరదలు వద్దు వద్దంటూ లేచి, వంటింట్లో నీళ్ళు కావాలన్నట్టు లోపలికి వెళ్ళింది. కాసేపటికి నేను మంచినీళ్ళ కోసం వెళితే ఆమె గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

ఆమె తిరగలేదు. "నేను అడిగింది అది కాదండీ, బావగారూ."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఏడు వారాలూ ఒకటే అడిగేనండి. ఆవిడ ఓడిపోవాలనే అడిగేను. పరాయి పిల్ల ఓడిపోవాలని దేవుణ్ణడిగేనండి. తప్పే. నా పిల్లకి మోకాలుండాలని అడిగేను." చెంగుతో ముఖం తుడుచుకుంది. "అందరూ నావల్లే గెలిచిందంటన్నారు. కాళ్ళకి దణ్ణం పెడతన్నారు. ఆయనకి చెప్పకండీ."

"చెప్పనమ్మా."

"మీకు ఇయ్యన్నీ నమ్మకం లేదు కదండీ. చెప్పండి, నేను అడగడం వల్లే ఇలా అయ్యిందాండీ?"

మొక్కుకూ బంతికీ సంబంధం లేదని నేను నలభై ఏళ్ళుగా వాదిస్తూ వచ్చాను. ఆ మాటే మళ్ళీ చెప్పాను. అది ఆమెకు ఊరట ఇచ్చే మాటే అయి ఉండాలి. అయితే సంబంధం లేదన్నది నిజమైతే, ఆ ఏడు వారాలూ ఆమె కూతురి కోసం అడిగింది ఎవరూ వినలేదన్నది కూడా నిజమే. ఆమె ఆ రెండోదే విన్నట్టుంది. తల ఊపి, గ్లాసులో నీళ్ళు పోసి నాకిచ్చింది.

మరునాడు పొద్దున్నే కోర్టుకు వెళ్ళాను. తమ్ముడు ఒక్కడే బకెట్టులో పేడనీళ్ళు కలుపుతూ ఉన్నాడు. కొబ్బరి చిప్పలన్నీ ఏరి ఒక పక్క పోశాడు. చెదిరిన నేలను చదును చేసి మళ్ళీ అలుకుతున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ, అరచేత్తో. గల్ఫ్‌లో పధ్నాలుగేళ్ళు చేసిన పనే.

నా దగ్గర మిగిలిన ఒకే ఒక వస్తువు ఆ తువ్వాలు గురించిన నిజం. ఆరేళ్ళు దాచిన దాన్ని ఆ పొద్దున్న వాడి ముందు పెట్టాను. ఏ సంవత్సరం ఆమె ఎక్కడ ఉందో, ఏ నెలలో ఏ ఊళ్ళో ఆడిందో, కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళాను. చదివి వినిపించాను. ఆ తువ్వాలు ఆమెది అయ్యే అవకాశం లేదని చెప్పాను. పునాదే తప్పైనప్పుడు దాని మీద పెట్టిన ఒట్టు చెల్లదని కూడా అన్నాను.

వాడు అలకడం ఆపలేదు. చివరిదాకా విన్నాడు.

"నాకు తెలుసన్నయ్యా."

చేతిలోని కాగితం మడిచాను.

"ఎవరిదో తెలీదు. వాడేసిన తువ్వాళ్ళు వేసే బుట్టలోంచి తీసుకున్నాను. ఆఖరి రోజు. అన్నేళ్ళు అక్కడుండి ఇంటికి ఏవీ తేలేదంటే ఎలాగుంటుంది? దానికి పదకొండేళ్ళు. ఏం తెచ్చేవు నాన్నా అనడిగింది. నోటికొచ్చింది చెప్పేను." చెయ్యి బకెట్టులో ముంచాడు. "తరవాత్తరవాత నాకూ అదే నిజమనిపించింది. ఆవిడ ఓడిపోయినప్పుడల్లా తువ్వాలు వంక చూసేవాణ్ణి. నిన్న గెలిచింది కదా. ఇంక ఎవరిదైతే ఏవిటి?"

"స్కానింగు మాత్రం నిజంరా. ముగ్గురు డాక్టర్లు చెప్పారు."

"ఆవిడకీ చెప్పేరు ముగ్గురు డాక్టర్లు" అన్నాడు. కోపం లేదు. ఎంతో సౌమ్యంగా, తనకన్నా చిన్నవాడికి చెబుతున్నట్టు. ఒక్క సీసా నీళ్ళు చూసి బావి తియ్యనిదని రాసే మనిషితో నేను వాదించగలను. నిన్నటి దాకా అదే పని నేను చేసి ఉన్నాను కాబట్టి, వాడితో వాదించడానికి నాకు హక్కు మిగల్లేదు.

నేల ఆరేసరికి పది దాటింది. తమ్ముడు కొత్త సున్నంతో గీతలు గీశాడు. తరువాత పిల్ల వచ్చింది, మోకాలికి కొత్త పట్టీ వేసుకుని. నిన్నటి దండలోని బంతిరేక ఒకటి జడలో చిక్కుకుని ఉంది. తమ్ముడు ఇంట్లోకి బంతుల బుట్ట తేవడానికి వెళ్ళాడు.

"దరఖాస్తుకి ఇంకా గడువుంది తల్లీ" అన్నాను మెల్లగా. "నువ్వు ఊ అంటే రేపే కాకినాడ వెళదాం. మీ నాన్నకు నేను చెప్పుకుంటాను."

ఆమె రాకెట్టు తీగలను వేళ్ళతో సర్దుతూ ఉండిపోయింది. ఆ తీగలు సర్దవలసినంత చెదరలేదు.

"చేతిలో చెయ్యి వేసేను కదండీ."

"నా మాట నమ్మి వేశావు. తప్పు నాది."

"మీరు లెక్క కరక్టుగానే వేసేరు పెదనాన్నా. ఇరవైలో ఒకటి అని మీ నోటు పుస్తకంలో చూసేను. ముందే చూసేను." ఆమె గొంతులో ఏ భావమూ లేదు. "ఒకటి ఉందని నాకూ తెలుసండి. మీరు గెలవదంటే బాగుండు అనిపించింది. అందుకే అడిగేను."

తమ్ముడు బుట్టతో వచ్చాడు. నన్ను చూసి, "గీత దగ్గర నుంచో అన్నయ్యా. లోపలో బయటో నువ్వు చెబితే ఎవరూ కాదనరు" అన్నాడు.

నేను వెళ్ళి ఆమె ఉన్న వైపే పక్క గీత దగ్గర నిలబడ్డాను. ఆమె సర్వీసు మొదలుపెట్టింది. బంతి పైకి విసిరి, కుడి కాలి మీద బరువు మోపి లేచినప్పుడు, కీలులో చిన్న చప్పుడు వినిపించింది, పచ్చి చిదుగు విరిచినట్టు. నా భ్రమ కావచ్చుననుకున్నాను. రెండోసారి కూడా వినిపించింది. మూడోసారి ముందుకు వంగి, చెవి పెట్టి విన్నాను.

మూడు సరిపోతాయి.

బంతి లోపలే పడిందని చెప్పాను. తమ్ముడు అవతలి నుంచి దొర్లిస్తే నా కాళ్ళ దగ్గరికి వచ్చిన దాన్ని తీసి, సున్నం తుడిచి, ఆమెకు అందించాను.